ఎర్ర లైటు ఆరేదాకా

"అన్నా, ఖాలా పెట్టె ఎట్ల ఆపల్ల?"

పులివెందుల నుంచి ఫోను. ప్రొద్దుటూరులో నా అంగట్లో ఒక ప్రింటరును విప్పి, దాని పళ్లచక్రాలను పాత పేపరు మీద వరసగా పేర్చుకుని కూర్చున్నాను. గొంతు గుర్తుపట్టాను. ఖాలా చెల్లెలి కూతురు. "ఆ పెట్టె సంగతి ఖాలాకు తెలుసు గదమ్మా, ఆమెనే అడుగు" అన్నాను, చేతిలో స్క్రూడ్రైవరు దించకుండానే.

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"ఖాలా లేదన్నా. పోయిన బేస్తవారం ఆస్పత్రిలో పాయ. పెట్టె మాత్రం ఇంకా ఎలుగుతానే ఉండాది. ఆపల్లంటే మాకు భయంగా ఉండాది."

మనిషి పోయిందని వింటే ముఖం గుర్తుకు రావాలి. నాకు ముందుగా ఆమె చేయి గుర్తొచ్చింది. గది వదిలి వచ్చేటప్పుడు గోడకున్న స్విచ్‌బోర్డు మీద కుడి అరచేతి అంచును ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపున లాగేది. టకటకమని అన్నీ ఆగిపోయేవి. రొట్టెలు చేసిన పీట మీద మిగిలిన పిండిని తుడిచేసినట్టు ఉండేది. బోర్డు వైపు చూసేది కాదు. ఎవరితోనో మాట్లాడుతూనే, అవతలికి నడుస్తూనే, చేయి దాని పని అది చేసుకుపోయేది.

ఖాలా అంటే అమ్మ తోబుట్టువు. ఫోను చేసిన అమ్మాయికి ఆమె నిజంగానే ఖాలా. జమ్మలమడుగులో మా ఈడువాళ్లందరికీ ఊరికే ఖాలా. బస్టాండు నుంచి పాత మిషన్ ఆస్పత్రికి పోయే దారిలో వాళ్లిల్లు. వీధివైపు గదిలో మూడు టీవీలు, మూడు వీడియోగేమ్ సెట్లు. ఆమె భర్త కువైట్‌లో ఉండేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒక సెట్టు తెచ్చేవాడు, రెండు నెలలుండి పోయేవాడు. సెట్లు ఉండిపోయేవి. వాటితో ఆమె ఆ గదిని నడిపింది.

గడపలో ఇనుప స్టూలు వేసుకుని, తెరలకు వీపు పెట్టి, ముఖం వీధివైపు పెట్టి కూర్చునేది. ఒడిలో చాట, చాటలో వెల్లుల్లి పాయలో శనక్కాయలో. లోపల ఏం జరుగుతోందో వెనక్కి తిరిగి చూసింది లేదు. అంతా చెవులతోనే.

"రేయ్, నీ బండి పాయ. లేయ్. పక్కనోనికియ్యి."

"యాడ పాయ ఖాలా? ఇంకా ఉండాది!"

"అది కూలిన సప్పుడు నాకు ఇనపల్యా? నాకు కండ్లు ఎనకాల లేవుగానీ చెవులు రెండు పక్కలా ఉండాయి. లేయ్."

వాడు నిజంగానే ఓడిపోయి ఉండేవాడు. పక్కవాడు గెలిచిన సంతోషంలో కేకపెడితే దానికీ వీపుతోనే జవాబు: "మీ నాయన పొలం అమ్మినాడా ఏంది, అంత అరుస్తాండావు?"

ఆట క్యాసెట్టు పని చేయకపోతే మేం దాన్ని బయటికి లాగి ఉఫ్ ఉఫ్ అని ఊదేవాళ్లం. ఆమెకు అది అసహ్యం. "ఊదొద్దు రా, మీ ఎంగిలంతా దాంట్లోకి పోతాది" అని లాక్కుని, పెన్సిలు రాతలు చెరిపే రబ్బరుతో దాని రాగి పళ్లను రుద్ది ఇచ్చేది. ఆ రబ్బరు ఎప్పుడూ ఆమె కొంగుముడిలో ఉండేది.

నేను ఆటలో అంత గట్టివాణ్ణి కాదు. గ్రంథాలయం నుంచి నేరుగా వచ్చేవాణ్ణి, చంకలో పుస్తకం ఉండేది, నా వంతు వచ్చేదాకా గోడకానుకుని చదువుకునేవాణ్ణి. అందుకని నాకు పేరు తీసేసి కొత్తది పెట్టింది. "ఏం లైబ్రరీ, ఆడుకునేదానికొచ్చినావా, ఈడ గూడా సదువుకునేదానికొచ్చినావా?" నాకు ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల మీద నేర్చుకున్నదే. రేడియో ఎట్లా పని చేస్తుందో, కంప్యూటరు లోపల ఏముంటుందో, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు ఎట్లా చదవాలో. దాంతోనే ప్రొద్దుటూరులో అంగడి పెట్టుకుని బతుకుతున్నాను. ఆ పేరు పెట్టిన మనిషి ముందు అది నాకు ఎప్పుడూ గర్వంగానే ఉండేది.

స్విచ్‌బోర్డు మీద చేయి లాగే అలవాటు ఎట్లా వచ్చిందో ఆమే చెప్పింది. మొదట్లో ఆమె సెట్టును దాని మీటతోనే ఆపి పడుకునేది. ఒక ఎండాకాలం కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఎక్కువ వోల్టేజీతో వచ్చింది. సెట్టూ టీవీ రెండూ పొగలు కక్కాయి. కువైట్ నుంచి మొదటిసారి తెచ్చిన సెట్టు అది. భర్తకు ఉత్తరం రాయించింది. జవాబు టేపులో వచ్చింది. అప్పట్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు తమ మాటలను క్యాసెట్టులో రికార్డు చేసి, సెలవు మీద వచ్చేవాళ్ల చేత పంపించేవాళ్లు. ఆ టేపులో ఆయన క్షేమమంతా అడిగి, చివర్లో ఒక మాట చెప్పాడట. "సెట్టు ఆపినాక గోడకుండే స్విచ్ ఆపు. అది ఆపందే ఆపినట్టు గాదు."

"ఇంగ అంతే లైబ్రరీ" అనేది. "మీ ఖాలూ మాట. నా చెయ్యికి కండ్లు వచ్చినాయి." ఖాలూ అంటే ఖాలా భర్త.

ఆ చేయికి అది తన గోడా పరాయి గోడా అనే తేడా లేదు. ఎవరింటికి పోయినా లేచి వచ్చేటప్పుడు బోర్డు తుడిచేసి వచ్చేది. ఒకసారి ఒక పెండ్లింట్లో భోజనాలైనాక చేయి కడుక్కుని వస్తూ అలవాటుగా బోర్డు మీద లాగితే, బయట పందిట్లో పాటలాగిపోయి, ఫ్యాన్లాగిపోయి, పెండ్లికొడుకు చీకట్లో కూర్చున్నాడు. "ఎవురప్పా కరెంటు తీసింది?" అని పెద్దమనుషులు అరుస్తుంటే ఈమె గట్టిగా, "నేనే! మీరు గూడా నేర్చుకోండి" అందట. ఈ కథ జమ్మలమడుగులో చాలా ఏండ్లు నడిచింది.

తర్వాత ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి, ఆ గది మూతపడింది. నేను ప్రొద్దుటూరు వచ్చేశాను. మళ్లీ ఆమెను చూసింది, భుజానికి గుడ్డసంచి వేసుకుని నా అంగడి మెట్లెక్కుతున్నప్పుడు.

"ఏం లైబ్రరీ, పుస్తకాలమ్ముకుంటాండావా?"

"లేదు ఖాలా, కంప్యూటర్లు బాగుచేస్తాండా."

"ఆ, ఇన్నా. అందుకే వచ్చినా."

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన దాన్ని చూసి నవ్వొచ్చింది. మా చిన్నప్పటి గేమ్ సెట్టే. అదే బూడిదరంగు, అదే మూత, ముందువైపు అదే ఎర్ర లైటు. కానీ చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. అది పాత సెట్టు ఆకారంలో చేసిన కొత్త పెట్టె. లోపల అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, దాని కార్డులో పాత ఆటలన్నీ. ఆమె చెల్లెలి కొడుకు కువైట్ నుంచి పంపాడు.

అప్పుడే మిగతాది చెప్పింది. భర్త ఇక తిరిగి పోనక్కరలేకుండా వచ్చేశాడు. పక్షవాతం. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట సగం వస్తుంది, సగం రాదు. "ఇంకోసారి వస్తే మనిషి నిలబడడు అన్నాడప్పా డాక్టరు" అంది. దాన్ని కూడా వెల్లుల్లి వలుస్తూ మాట్లాడినట్టే చెప్పింది.

ఆయనకు ఒక ఆట మీద మనసు. పడవ మీద దీవి నుంచి దీవికి పోయే ఆట. కువైట్‌లో వాళ్ల గదిలో నలుగురికీ కలిపి ఒక సెట్టు ఉండేదట. వంతుల్లో ఆడుకునేవాళ్లు. పంపే ప్రతి టేపులోనూ ఆయన, ఈ వారం పడవ యాడికి పోయిందో చెప్పేవాడు. మంచు దీవి, నిప్పు దీవి, మాటలు రాని జనం ఉండే దీవి. ఆయన వంతు ముగిసేలోపల చివరి దీవి ఎప్పుడూ రాలేదు. ఖాలా ఆ ఆటను ఏండ్లపాటు చెవులతోనే చూసింది.

"ఇప్పుడు ఇద్దరం కూసోని ఆడతాండాం. ఆ కడా దీవికి ఈయన పోయేది నేను సూడల్ల. అంతకు మించి నాకేం వద్దప్పా. కానీ ఇది మోసం చేస్తాండాది. సాయంత్రం దాసిపెట్టి ఆపుతామా, మర్నాడు ఏస్తే పడవ మళ్లా మొదటి రేవులోనే నిలబడి ఉంటాది. ఒగోసారి ఉంటాది, ఒగోసారి ఉండదు. ఆయన ఏమీ అనడు. ఎడమచేత్తో ముఖం తుడుసుకోని మళ్లా మొదలుపెడతాడు. నాకు అది సూడలేకుండా ఉండాది."

పెట్టె విప్పాను. ఇట్లాంటి పెట్టెలకు ముందువైపు ఉండే మీట నేరుగా కరెంటును తెంపదు, తెంపకూడదు. ఆట నడుస్తున్నంతసేపు మనం దాచమన్నదాన్ని ఆ చిన్న కంప్యూటరు తలలో పెట్టుకుని ఉంటుంది. ఆట మూసేటప్పుడే కార్డు మీద రాసుకుంటుంది. మీట నొక్కితే "ఇక ముగించుకో" అని కబురు పోవాలి, అది అన్నీ రాసుకోవాలి, ఆ తర్వాతే కరెంటు ఆగాలి. దానికి రెండు ఉండాలి. లోపల పలక మీద బియ్యపుగింజంత జారుడు స్విచ్ ఒకటి 'ఆన్' వైపు ఉండాలి. ఆ కబురు అందుకునే చిన్న ప్రోగ్రాము కార్డులో ఉండాలి. జారుడు స్విచ్ 'ఆఫ్' వైపు ఉంది. ప్రోగ్రాము అసలు లేనే లేదు. రెండూ సరిచేశాను. ఆట పెట్టి, దాచి, మీట నొక్కాను. తెర నల్లబడింది, ఎర్ర లైటు మిణుకుమిణుకుమని, కాసేపటికి ఆరింది. మళ్లీ వేస్తే పడవ వదిలిన చోటే ఉంది.

"సరిపాయ ఖాలా. జబ్బు దొరికింది."

"పుస్తకాలు ఊరికే పోలేదు లైబ్రరీ" అని పెట్టెను బిడ్డను చుట్టినట్టు తువ్వాలలో చుట్టుకుని పోయింది.

మూడు రోజులు కాకముందే మళ్లీ వచ్చింది. "మొదటి రేవు."

కార్డును అనుమానించి మార్చాను. మళ్లీ వచ్చింది. అడాప్టరును అనుమానించి మార్చాను. మళ్లీ వచ్చింది. నా అంగట్లో అది ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఆమెనే కూర్చోబెట్టి, ఆమె చేతనే ఆపించాను. అప్పుడూ సరిగ్గానే దాచుకుంది. "నీకాడ బుద్ధిగా ఉంటాది, ఇంట్లో దొంగేషాలు. మనుషుల్లెక్కనే" అంది. నవ్వలేదు. ఈసారి ముఖం అలసిపోయి ఉంది. ఆ వారం వాళ్ల పడవ నిప్పు దీవి దాకా పోయి వెనక్కి వచ్చిందట. "ఆయనకు ఎన్ని నిప్పు దీవులు దాటే ఓపిక ఉండాదో ఎవురికెరుక" అంది.

ఆదివారం నేనే జమ్మలమడుగు పోయాను.

అదే గది. టీవీల చోట ఒక మంచం, మంచానికి ఎదురుగా ఒకే టీవీ. ఆయన్ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. నేను చిన్నప్పుడు రెండు నెలల సెలవుల్లో చూసిన మనిషి, సెంటు వాసన, మెరిసే చొక్కా. ఇప్పుడు ముఖం సగమే నన్ను గుర్తుపట్టి నవ్వింది. "లై... బ్రరీ" అన్నాడు. ఆ పేరు ఆమె ఉత్తరాల్లో అక్కడిదాకా పోయిందని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్లు ఆడటం చూశాను. నేను ఇన్నేండ్లలో ఎన్నో ఆటలు చూశాను, అట్లా ఎవరూ ఆడగా చూడలేదు. ఇద్దరి మధ్య ఒక దిండు, దిండు మీద ఒకే రిమోటు. పడవను తిప్పే మీట ఎడమవైపు ఉంటుంది, అది ఆయన ఎడమచేతిలో. పనిచేసే బటన్లు కుడివైపు, వాటి మీద ఆమె కుడిచేయి. ఆయన పడవను ఒడ్డు దగ్గరికి తెస్తే ఆమె లంగరు వేస్తుంది. ఆయన నడిపిస్తే ఆమె తలుపు తీస్తుంది.

"ఎడమకు పో. ఎడమకు! కువైట్ యా పక్కనుండాదో మర్సిపోయినావా?"

ఆయన గొంతులో గురకలాంటి నవ్వు.

"ఆడ రాయుండాది. సూస్కో. ఆ టేపులో చెప్పినావు గదా, రాయి తగిలి మునిగినానని. మళ్లా మునుగుతావా?"

ఎప్పటి టేపో. ఆయన మరిచిపోయినా ఆమెకు గుర్తుంది. ఆ మధ్యాహ్నం వాళ్లు ఒక కొత్త రేవు చేరారు. ఆయన నుదుట చెమట పట్టింది. మసీదులో అసర్ అజాన్, సాయంత్రపు నమాజుకు పిలుపు, మొదలైంది. ఖాలా ఆటను దాచింది, పెట్టె మీట నొక్కింది, తలమీద కొంగు సర్దుకుంటూ లేచింది. లేస్తూనే, నాతో "చాయి తాగి పో అప్పా" అంటూనే, కుడి అరచేతి అంచును గోడ మీద స్విచ్‌బోర్డు పొడుగునా ఒక్క ఊపున లాగింది.

"ఖాలా!"

నా అరుపుకు ఆమె చేయి గాల్లో ఆగింది. ఎర్ర లైటు మిణుకుమనే పనే లేకుండా చచ్చిపోయి ఉంది.

"ఏంది? పామా?"

"స్విచ్ ఎందుకు ఆపినావు?"

"ఆపకుంటే?"

అప్పుడర్థమైంది. నా అంగట్లో పెట్టెను బల్ల వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించేవాణ్ణి, అక్కడికి ఆమె చేయి అందదు. ఇంట్లో మీట నొక్కిన మరుక్షణమే గోడ దగ్గర ప్రాణం తీస్తోంది. ఎప్పుడైనా ఎవరో తలుపు కొట్టి ఆమె చేయి ఆలస్యమైన రోజున మాత్రం పడవ ఉన్నచోట ఉంటోంది.

చెప్పాను. గ్రంథాలయం మూసేటప్పుడు, బల్లల మీది పుస్తకాలన్నీ బీరువాల్లో పెట్టినాక గదా దీపం ఆర్పేది, ముందే ఆర్పితే చీకట్లో ఎట్లా పెడతారు, అని చెప్పాను. ఆమె వింటూ స్విచ్‌బోర్డునే చూస్తోంది.

"పొయ్యి ఆపినాక గూడా బిర్యానీ దమ్ము మీద ఉంటాదే, మూత తియ్యరాదే, అట్లనా?"

"అట్లనే ఖాలా."

"అంటే ఇన్ని దినాలూ ఆయన పడవను ముంచింది నేనా?"

జవాబు మంచం మీద నుంచి వచ్చింది. ఆయన మాట కోసం ఎడమచేతిని దుప్పటి మీద కదిలించుకుంటూ, ముక్కలుముక్కలుగా, "నేనే... గదా... చెప్పినా" అన్నాడు. తర్వాత ముఖంలో కదిలే సగంతో నవ్వి, గోడవైపు వేలు చూపించి, "ఇప్పుడు... చెప్తాండా. ఆగు" అన్నాడు.

ఖాలా నడుం మీద చేయి పెట్టుకుని ఆయన వైపు తిరిగింది.

"సూడప్పా లైబ్రరీ! కువైట్‌కు పోయినప్పటినుంచీ ఆగతానే ఉండా. నాకు ఆగమని నేర్పిస్తాండాడు ఈ మనిషి."

అని నవ్వింది. నవ్వుతూనే ఆ నవ్వును కొంగుతో తుడుచుకుంది. చాయి పెట్టడానికి లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

చేయిని నమ్మలేనంది. ఇన్నేండ్ల చేయి, చెబితే వింటుందా అంది. ఆయనకు సూదులు వేసి అతికించే తెల్ల ప్లాస్టరు మంచం కింద డబ్బాలో ఉంది. ఒక ముక్క చించి, పెట్టె తగిలించిన స్విచ్ మీద, అది వేసి ఉన్నట్టుగానే ఉండేలా అడ్డంగా అతికించింది. దాని మీద ఇంకొకటి. చేయి లాగి చూసుకుంది. మిగతావన్నీ టకటకమని ఆగాయి, ప్లాస్టరు కింద ఉన్నది ఆగలేదు.

ఆ తర్వాత ఫోన్లు వచ్చేవి. "మంచు దీవి దాటినాం లైబ్రరీ." "నిప్పు దీవి దాటినాం, ఈ తూరి వెనక్కి రాలేదు." "మాటలు రాని జనం ఉండే దీవిలో ఉండాం. మీ ఖాలూకు వాళ్లు శానా నచ్చినారు." పడవ రోజూ వదిలిన చోటే ఉంటోంది. మీట నొక్కినాక ఆమె పెట్టె ముందు చతికిలబడి, ఎర్ర లైటు ఆరేదాకా కదిలేది కాదట. ఆయన మంచం మీద నుంచి "ఆరె?" అని అడిగేవాడట. "ఆరె" అనేదట. అప్పుడు నమాజుకు లేచేది.

చివరి దీవికి ముందున్న రేవు చేరామని ఒకరోజు చెప్పింది. ఇక ఒక్క ప్రయాణమే. వారం తర్వాత నేనే ఫోను చేశాను.

"పోయినారా ఖాలా?"

"యాడికి?"

"కడా దీవికి."

"పోతాంలేప్పా. మంచు దీవిలో ఏందో కొనేది మర్సిపోయినాం. వెనక్కి పోయొస్తాండాం."

ఇంకో పది రోజులకు ఇంకేదో మరిచిపోయారు. పడవకు మరమ్మతు అన్నారు. మాటలు రాని జనాన్ని మళ్లీ చూడాలని ఆయన అడిగాడన్నారు. నేను మళ్లీ అడగలేదు. ఆట నాకు తెలుసు. చివరి దీవికి పోయేదానికి ఏమీ కొననక్కరలేదు. మొదట పడవ వెనక్కి వస్తే చూడలేకపోయిన మనిషి, ఇప్పుడు తానే దాన్ని వెనక్కి తిప్పుతోంది.

రెండోసారి పక్షవాతం వచ్చింది. మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయేలోపలే ఆయన పోయాడు. పడవ చివరి దీవికి ముందున్న రేవులోనే ఉంది.

నేను పలకరించడానికి పోయినప్పుడు టీవీ వేసి ఉంది. తెర మీద రేవు, రేవులో పడవ, అలలు వచ్చి పోతున్నాయి. దిండు మీద రిమోటు. దాని కుడివైపే ఆమె చేయి ఉంది. ఎడమవైపు ఖాళీ. "రోజూ ఏస్తా" అంది. "పడవ ఉండాదా లేదా అని సూస్కుంటా. మళ్లా ఆపుతా. అంతే."

"నువ్వు పోయిరాగూడదా ఖాలా, ఆ దీవికి?"

"తిప్పేది ఆయన గదా."

తర్వాత ఒంటరిగా ఉండలేక పులివెందులలో చెల్లెలి కూతురింటికి పోయింది. పెట్టెను ఒడిలో పెట్టుకుని బస్సులో పోయిందని విన్నాను. నేను ఒకటి రెండుసార్లు ఫోనులో మాట్లాడాను. చూడలేదు.

ఫోను వచ్చిన మర్నాడు పొద్దున పులివెందుల బస్సెక్కాను. ఆ అమ్మాయి ఇల్లు కొత్తది, మెట్ల కింద ఇన్వర్టరు ఉంది, అందుకే కరెంటు పోయినా పెట్టె ఆరలేదు. ఖాలా పడుకున్న గదిలో మంచం ఎత్తేశారు. చిన్న బల్ల మీద బూడిదరంగు పెట్టె, ముందు ఎర్ర లైటు. గోడ మీద స్విచ్‌కు అడ్డంగా తెల్ల ప్లాస్టరు, ఒకదాని మీద ఒకటి.

"ఆస్పత్రికి పోయేముందు రోజు శానాసేపు ఆడుకునిందన్నా" అంది ఆ అమ్మాయి. "నేను తలుపుకాడ నిలబడి సూస్తాండా. ఎప్పుడూ ఆ రిమోటును ఒగ చేత్తో ముట్టుకునేది. ఆ పొద్దు రెండు చేతుల్తోనూ పట్టుకోనుండె. నన్ను సూసి, 'అయిపాయ పాపా' అని నవ్వె. టీవీ ఆపనిచ్చిందిగానీ పెట్టె ఆపనీలా. ముట్టొద్దు, నేనొచ్చి ఆపుతా అనె."

టీవీ వేశాను.

గ్రంథాలయంలో చదివిన ఏ పుస్తకమూ ఆ తెరను చూసేదానికి నన్ను సిద్ధం చేయలేదు. రేవు లేదు. చివరి దీవి. ఇసుక మీదికి లాగిన ఖాళీ పడవ, దాని వెనక కొండ, కొండ మీద దీపం. ఆట ముగిశాక మిగిలే బొమ్మ అది. దాని మీద ఏ బటన్ నొక్కినా ఏదీ కదలదు. దాచుకునే వీలూ లేదు, ఆ ఆట చేసినవాళ్లు అట్లానే చేశారు. అది ఖాలాకు కూడా తెలిసి ఉంటుంది. దాన్ని దాచుకోవాలంటే ఆపకుండా ఉండటం ఒక్కటే దారి.

"ఆపితే ఇది పోతాదా అన్నా?"

"పోతాదమ్మా."

"మళ్లా ఏస్తే?"

"పడవ రేవులో ఉంటాది. దీవికి ఇవతల."

"ఖాలూ ఉన్నప్పుడు ఇద్దరూ ఆపిన కాడనేనా?"

"ఆడనే."

ఆ అమ్మాయి చాలాసేపు తెరను చూసింది. లోపల కుక్కరు కూత వేసింది, ఆమె కదలలేదు.

"అట్లయితే ఆపన్నా" అంది. "ఆడ ఇద్దరూ ఉండారు."

"నువ్వే ఆపమ్మా."

వంగి మీట నొక్కింది. దీవి పోయి తెర నల్లబడింది. ఎర్ర లైటు మిణుకుమనడం మొదలుపెట్టింది. లేస్తూ ఆమె కుడిచేయి గోడమీదికి పోయింది, అరచేతి అంచు, అదే ఊపు. ఆ ఇంట్లో అందరికీ ఖాలా చేయే వచ్చినట్టుంది. వేళ్లకు ప్లాస్టరు తగిలి చేయి అక్కడే ఆగిపోయింది. చేయి తీయలేదు.

"ఆరెనా?" అంది, అటు తిరగకుండానే.

"ఇంకా లేదమ్మా. ఆగు."